మా వీధిలో లంచం లేదు

ఫిబ్రవరి 3

పని దొరికింది. ఉద్యోగమని చెప్పుకోవడానికి లేదు, కొన్నాళ్ళ పని. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడగాలి, వాళ్ళు చెప్పింది ట్యాబ్‌లో నొక్కాలి. ప్రభుత్వ ఆఫీసుల్లో లంచం ఎంత ఉంది, దాని గురించి జనం ఏమనుకుంటున్నారు అని. ఇవే ప్రశ్నలు చాలా దేశాల్లో అడుగుతారట. అన్నీ పోల్చి ఏ దేశం నయం, ఏ దేశం అధ్వాన్నం అని వరస కడతారట.

సూపర్‌వైజర్ కుర్రాడు. కూర్చున్నా, నిలబడ్డా హెల్మెట్ చంకలోనే ఉంటుంది. ‘ముక్కూ మొహం తెలియనివాళ్ళు వెళ్తే తలుపులు తియ్యట్లేదక్కా. అందుకని ఈసారి ఏ వీధికి ఆ వీధి మనిషినే పెడుతున్నాం. మీకిక్కడ అందరూ తెలుసు కదా?’ అన్నాడు.

అందరూ తెలుసు అన్నాను.

శిక్షణలో ఆఫీసుల పేర్లు చదివించారు. పోలీసు, ఆసుపత్రి, కరెంటు, భూమి రికార్డులు. నాలుగోది చదువుతుంటే ‘మీ ఆయన చేసేది అక్కడే కదూ?’ అన్నాడు. అవును, గుమాస్తా అన్నాను. ‘ఇంకేం, మీరంటే మర్యాదగా జవాబు చెప్తారు’ అన్నాడు.

ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి. మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. జవాబు మనం అందించకూడదు.

ఆయనకి చెప్పాను. ‘ఏం ప్రశ్నలు?’ అన్నారు. అవీ చెప్పాను. టీ తాగి గ్లాసు కింద పెట్టారు. ‘సర్లే, చెయ్యి. ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తావు’ అన్నారు.

ఫిబ్రవరి 5

మొదటి రోజు. ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేశారు. వేసే ముందు తుడిచారు. ఫ్యాను నా వైపు తిప్పారు. ఇన్నేళ్ళూ ఈ వీధిలోనే ఉన్నాను, ఇంత మర్యాద ఎప్పుడూ చూడలేదు. బహుశా ట్యాబ్ వల్ల.

‘గత ఏడాదిలో ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా పని కావడానికి మీరుగానీ మీ ఇంట్లోవాళ్ళుగానీ డబ్బుగానీ వస్తువుగానీ సేవగానీ ఇచ్చారా?’

లేదు. లేదమ్మా. లేదండీ, ఛ.

చివరింట్లో లారీ పెద్దాయన. ఇప్పుడు తోలడం లేదు, వసారాలో కూర్చుని టైరు ముక్కలతో చెప్పులకి అడుగులు కోస్తుంటాడు. వయసులో ఉన్నప్పుడు సరిహద్దులు దాటి తిరిగాడు. ‘వేరే దేశాలతో పోలిస్తే’ అనే ప్రశ్న దగ్గర ఆయనకి హుషారు వచ్చింది.

‘పై దేశంలో చెక్‌పోస్టువాడు నవ్వుతూ అడుగుతాడమ్మా. పిల్లల ఫీజులు కట్టాలన్నా అంటాడు, పిల్లల ఫోటోలు కూడా చూపిస్తాడు. దాని పక్క దేశం వాడు నోరు విప్పడు. వచ్చి టైర్ల వంక చూస్తాడు. చూస్తూనే ఉంటాడు. మనకే చచ్చే సిగ్గేసి ఇచ్చేస్తాం. ఇంకో దేశంలో మాత్రం ఎవడూ అడగలేదు. అలవాటు కొద్దీ నేనే చెయ్యి చాపితే లోపలేసినంత పని చేశాడు, సన్నాసి.’

నవ్వు ఆపుకోలేకపోయాను. మొహంలో ఏమీ కనపడకూడదన్నది గుర్తొచ్చి తల వంచుకున్నాను.

‘మరి మన దేశంలో ఎలా ఉంది పెద్దాయనా?’

కత్తి ఆపాడు. నన్ను చూశాడు, నా వెనక వీధిలోకి చూశాడు.

‘మన దగ్గరేముందమ్మా. మన దగ్గర బాగానే ఉంది. రాసుకో.’

ఫిబ్రవరి 6

మిషనక్క ఇంటికి వెళ్ళాను. ఆమె పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, కుట్టు మిషను తొక్కుతుంది కాబట్టి మిషనక్క. నా బట్టలన్నీ ఆమె కుట్టినవే. భర్త పోయాక పొలం తన పేరు మీదికి మార్చుకోవాలని తిరుగుతోంది. మా ఆయన ఆఫీసులోనే. కాగితాలేవో తక్కువ పడ్డాయట, అందుకే ఆలస్యం. ఆఫీసు పనులంటే అంతే.

ప్రశ్న చదివాను. ఆమె కాలు ఆగింది. మిషను కాసేపు దానంతట అదే తిరిగి ఆగింది.

‘ఇదేంటి చెల్లీ, నువ్వు అడగడమేంటి?’

‘అందరినీ అడుగుతున్నా అక్కా.’

‘లేదు. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. మీ ఆయన ఉండగా నాకేం తక్కువ?’ అంది. దారం పంటితో తెంపి, సూదిలోకి ఎక్కించడానికి వెలుతురు వైపు తిరిగింది. నా వైపు వీపు.

వస్తూ పోయిన నెల కుట్టిన వాటికి కూలి ఇవ్వబోయాను. ఎప్పటిలాగే తోసేసింది. మనిషి అంత మంచిది.

ఫిబ్రవరి 9

ఈరోజూ అందరూ లేదనే.

ఫిబ్రవరి 10

వడ్రంగి కూడా లేదన్నాడు. అత్తయ్య పడుకునే మంచం అతను చేసిందే. అతని అన్నదమ్ముల వాటాల కాగితాలు ఈయన ఆఫీసులో అయిన వారం తెచ్చి వేశాడు. ఈయన వద్దంటూనే ఉన్నారు, అతను వినలేదు. అది లంచం కాదు. లంచమంటే అడిగి తీసుకునేది. ఈయన అడగరు. నూనె డబ్బా వచ్చినా, గుడ్లు వచ్చినా, ఎవరో తెచ్చి పెట్టి వెళ్ళేవే. ఈయన నోరు తెరిచి అడగడం నేను ఒక్కసారి కూడా వినలేదు.

ప్రశ్నలో ‘డబ్బుగానీ వస్తువుగానీ సేవగానీ’ అని ఉంది. ప్రశ్న రాసినవాళ్ళు ఎక్కడో దూరంగా ఉండేవాళ్ళు. ఒకరినొకరు ఎరిగిన వీధిలో బతికి ఉండరు.

ఫిబ్రవరి 14

అయిపోయింది. ట్యాబ్ ఇచ్చేశాను. హెల్మెట్ కుర్రాడు సంతోషించాడు. మిగతా వీధుల్లో చాలా ఇళ్ళు తలుపులే తియ్యలేదట, నా దగ్గర ఒక్క ఇల్లూ ఖాళీ లేదు.

ఈయన ‘ఏమన్నారు జనం?’ అన్నారు.

ఎవరేం చెప్పారో బయట పెట్టకూడదు, అది నియమం అన్నాను.

‘నాక్కూడానా?’

‘అందరూ లేదన్నారు’ అన్నాను.

రాత్రి భోజనంలో ఇంకొంచెం వడ్డించుకున్నారు.

ఫిబ్రవరి 27

కుర్రాడు ఫోను చేశాడు. దేశం మొత్తంలో మా వీధి మొదటిదట. ఒక్కరు కూడా లంచం ఇవ్వని వీధి ఇంకెక్కడా లేదట. అతని గొంతులో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది. ‘బాగా అడిగారు కదక్కా? చదివే అడిగారు కదా?’ అన్నాడు. చదివే అడిగాను అన్నాను.

సాయంత్రం ఈయన ఫోనులో ఈ సర్వేదే పోయినేటి ప్రపంచ పటం తీసి చూపించారు. మంచి దేశాలు లేత రంగు, చెడ్డవి ముదురు. మనది నడిమి రంగు. పటం కింద దేశాల వరస. ఈయనకి మన పైన ఎవరున్నారన్నది పట్టలేదు. వేలు కిందికి కిందికి జరుపుకుంటూ పోయారు.

‘చూడు, వీళ్ళు మనకన్నా ఎంత కిందున్నారో. వీళ్ళూ! మాటలు చూస్తే కోటలు దాటతాయి. మన వీధి లాంటివి ఇంకో వంద ఉంటే మనం ఎక్కడికి పోతాం!’

అత్తయ్య మంచం మీంచి ‘అన్నిటికన్నా పైన ఎవడున్నాడురా?’ అంది.

ఒక చల్లటి దేశం పేరు చెప్పారు.

‘అక్కడ నిజంగానే తీసుకోరా, లేకపోతే అడగడానికి వెళ్ళింది అక్కడి గుమాస్తా పెళ్ళామా?’

ఈయన ఫోను జేబులో పెట్టుకున్నారు. నేను గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళాను. అత్తయ్యకి వయసు మీద పడి ఏది పడితే అది అంటోంది.

మార్చి 8

ఆఫీసు ముందు బోర్డు పెట్టారు. మా వీధి సంగతి ఈయన వెళ్ళి ఆఫీసరుకి చెప్పారట. ఆఫీసరు పెయింటరుని పిలిపించాడు. ‘ఇది లంచం లేని కార్యాలయం. అంతర్జాతీయ సర్వేలో రుజువైనది.’ నీలం మీద తెల్లక్షరాలు. పెయింటరు బాగా రాశాడు.

పెయింటరుకీ ఏదో ఇంటి కాగితం ఉందట ఆ ఆఫీసులో.

మార్చి 10

మిషనక్క వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రా అంటే రాలేదు.

ఈ నెలాఖరులోగా పేరు మారకపోతే మరిది ఆ పొలం తనదేనని రాసి ఇస్తానంటున్నాడట. ఇప్పటికే దుక్కి దున్నించాడు. ఆమె పొలం గట్టు మీద నిలబడి ఉండగానే దున్నించాడట. ఉన్నది ఆ పొలం చెక్క ఒక్కటే. ఇవాళ ఆఫీసుకి వెళ్ళి, ఎందుకు చెయ్యరు, నేను పైకి రాస్తాను అని గట్టిగా అడిగిందట. ఆఫీసరు లేచి వచ్చి బోర్డు చూపించాడట. ‘ఇక్కడ లంచం లేదని మీ వీధివాళ్ళే చెప్పారు. నువ్వూ చెప్పావా లేదా? మరి ఇప్పుడెవరి మీద రాస్తావు?’ అన్నాడట.

‘నేను చెప్పిన మాటే తెచ్చి నా నోట్లో కుక్కాడు చెల్లీ.’

‘ఎవరి జవాబూ బయటికి పోదక్కా. పేర్లు ఉండవు.’

‘అందరూ లేదన్నారంటే నేనూ అన్నట్టేగా. పేరెందుకు?’

‘మరి ఆ రోజు లేదని ఎందుకు చెప్పావక్కా? నేను చదివి మరీ అడిగాను కదా’ అన్నాను.

నా వంక చూసింది. కోపంగా కాదు. నాకు లెక్కలు రావని ఇప్పుడే తెలుసుకున్నట్టు.

‘ఎవరికి చెప్పమంటావు? నీకా? రెండేళ్ళుగా నీ బట్టలు ఊరికే కుడుతున్నా. నీ మీద ప్రేమ కొద్దీ అనుకున్నావా?’

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మార్చి 11

ఇవాళ బీరువా సర్దాను. పాత బట్టలు ఒక పక్క, కొత్తవి ఒక పక్క. మళ్ళీ అన్నీ కలిపి పెట్టేశాను.

ఈయన అడగరు. మిషనక్కని కూడా ఈయన ఏమీ అడగలేదు. రెండేళ్ళు కాగితం కదల్లేదు, అంతే.

మార్చి 15

హెల్మెట్ కుర్రాడు వచ్చాడు. కూర్చోలేదు. ‘పెద్దాఫీసు నుంచి మేడమ్ వస్తోందక్కా, మీ వీధి మళ్ళీ చూస్తుందట. ఇంత శుభ్రంగా ఎక్కడా రాదు, మీరు ఇంట్లో కూర్చుని నింపేసి ఉంటారు అంటున్నారు. నా మీద కూడా అనుమానం పడింది. ఏం చెప్పమంటారు?’

ప్రతి గడప ఎక్కాను అన్నాను.

‘మరి అందరూ లేదని ఎందుకంటారక్కా? దేశంలో ఎక్కడా లేనిది?’

చెప్తే నేను దొంగని కాదని తేలుతుంది. ఎవరి పెళ్ళాన్ని చూసి ఎవరు ఎందుకు భయపడ్డారో అప్పుడు చెప్పాలి. చెప్పకపోతే ఎండలో గడప గడపా ఎక్కి కూడా ఇంట్లో కూర్చుని నింపిన దాన్నవుతాను. ‘నాకేం తెలుసు’ అన్నాను.

ఈయనకి చెప్తే ఏ మాత్రం కంగారు పడలేదు. ‘ఆమె ఎక్కడికి వెళ్తే నువ్వూ అక్కడికి వెళ్ళు. దారి చూపిస్తానని చెప్పు. ప్రతి ఇంటి దగ్గరా నువ్వు కనపడాలి. అంతకన్నా ఏమీ చెయ్యక్కర్లేదు.’

‘కనపడితే ఏమవుతుంది?’ అన్నాను.

నేను కావాలనే అడిగాను. ఈయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు.

మార్చి 18

మేడమ్ బాగా పొడుగు. మా గుమ్మాలకి ప్రతిసారీ తల వంచాల్సి వచ్చింది. చెప్పులు ఇంటి బయట విడిచేటప్పుడు జత చేసి పెడుతుంది. చాలా దేశాలు తిరిగిందట. ‘కొన్నిచోట్ల అడిగితే తిడతారు, కొన్నిచోట్ల ఏడుస్తారు. అందరూ ఒకే జవాబు చెప్పిన చోటు మాత్రం చూడలేదు’ అంది.

పొద్దుటి నుంచీ ఆమె వెంటే ఉన్నాను. నేను లోపలికి వెళ్ళలేదు, గడప బయటే నిలబడ్డాను. చాలు. లోపల్నుంచి వాళ్ళకి నా చీర అంచు కనపడుతుంది. లేదు. లేదండీ. లారీ పెద్దాయన ఈసారి వేరే దేశాల సంగతి కూడా చెప్పలేదు.

మిషనక్క ఇంటి దగ్గర నేను కాస్త దూరంగా, గోడ మలుపులో ఆగాను. అది నేను కావాలని చేసిన పనే. అయినా ఆమె బయటికి తొంగి చూసింది, నన్ను చూసింది. లేదు అంది.

మార్చి 19

పొద్దున్నే మేడమ్ గేటు దగ్గరికి వచ్చి ‘ఇవాళ మీరు రావద్దు, రెస్ట్ తీసుకోండి’ అంది. మర్యాదగానే అంది.

ఇంట్లోనే ఉన్నాను. ముందు గది కిటికీలోంచి వీధి సగం కనపడుతుంది. ఆమె వడ్రంగి ఇంట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. తర్వాత ఇంకో ఇంట్లోకి. అక్కడా చాలాసేపు. నాకు అన్ని ఇళ్ళూ గబగబా అయిపోయేవి.

మధ్యాహ్నం ఈయన భోజనానికి వచ్చారు. ఎప్పుడూ డబ్బా తీసుకెళ్ళే మనిషి. నన్ను ఇంట్లో చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

‘ఇక్కడేం చేస్తున్నావు?’

‘రావద్దంది.’

‘రావద్దంటే మానేస్తావా? నీ వీధి కాదా ఇది? నడవడానికి ఆమె పర్మిషనేంటి?’

‘మీరే వెళ్ళి నిలబడండి’ అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. పెళ్ళయ్యాక ఆయనతో అలా మాట్లాడలేదు.

‘నేనేమన్నా తప్పు చేశానా? నోరు తెరిచి ఎవర్నన్నా అడిగానా? వచ్చిందాంట్లో పైవాళ్ళకి పోగా నాకు మిగిలేదెంతో నీకు తెలుసా?’ అన్నారు. అత్తయ్య వింటోందని గొంతు తగ్గించారు. ‘నేను ఒక్కణ్ణి వద్దంటే నన్ను ఆ కుర్చీలో ఉంచుతారా?’

అన్నం తినకుండా వెళ్ళారు. ఆ చివరి మాట మాత్రం నిజం. పాపం, ఆయనా ఆ కుర్చీలోంచి లేవలేరు.

మార్చి 20

ఇది రాసుకోవాలి.

ఇళ్ళు మేడమ్ ఎంచుకోదు. వీధి మొదట్లోంచి లెక్క పెట్టుకుంటూ పోతుంది, లెక్క ఏ ఇంటి దగ్గర ఆగితే ఆ ఇల్లు. ఇవాళ మా గేటు దగ్గర ఆగింది.

‘మాది వదిలెయ్యండి. నేను ఈ పని చేసినదాన్ని కదా’ అన్నాను.

‘ఇల్లు మార్చడానికి లేదండీ. మార్చానంటే ఇంక ఈ లెక్కకి అర్థం లేదు.’

సెలవు రోజు. ఈయన ఇంట్లోనే ఉన్నారు. నవ్వుతూ వచ్చి ‘నన్ను అడగండి’ అని కూర్చున్నారు. ఆమె అలా కాదంది. ఇంట్లో పెద్దవాళ్ళలో ఎవరి పుట్టినరోజు ముందు వస్తుందో వాళ్ళనే అడగాలి, అదీ నియమమే. అత్తయ్యని అడిగితే ‘వానలకి ఇల్లు కారుతున్నప్పుడు పుట్టానంది మా అమ్మ. మా ఇల్లు ఏడాదంతా కారేది’ అంది. ఈయనది సర్టిఫికెట్ ప్రకారం చెప్పారు. నాది దానికి ముందు.

‘మీరు కాస్త లోపలికి వెళ్తారా? ఒక్కరినే అడగాలి’ అంది ఈయనతో.

‘నా ఇంట్లోంచి నేనెక్కడికి పోతానండీ?’ నవ్వుతూనే కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. మోకాలు నా మోకాలికి తగులుతోంది.

మేడమ్ నా వైపు చూసింది. వద్దంటే మానేస్తాను అన్నట్టు. ‘అడగండి’ అన్నాను.

నేను ఇన్నిసార్లు చదివిన ప్రశ్నే. వేరేవాళ్ళ గొంతులో వింటే పొడుగ్గా ఉంది. ‘...డబ్బుగానీ వస్తువుగానీ సేవగానీ ఇచ్చారా?’

‘లేదు’ అన్నాను.

ఈయన మోకాలు వదులైంది.

నేను చెప్పింది నిజమే. ఈ వీధిలో ఆ మాట నిజంగా అనగలిగిన ఇల్లు మాదొక్కటే అని చెప్పాక తట్టింది.

లేదంటే ఇంకో ప్రశ్న ఉంటుంది. ఎందుకు ఇవ్వలేదు? ఎవరూ అడగలేదు, అడిగినా ఇవ్వలేదు, అవసరం రాలేదు, తెలియదు, వీటిలో ఒకటి నొక్కాలి. నేను తిరిగినప్పుడు అందరి దగ్గరా ‘ఎవరూ అడగలేదు’ నొక్కాను. నా వేలు దానంతట అదే అక్కడికి పోయేది.

‘ఈ ఇంటికి తెచ్చి ఇస్తారండీ’ అన్నాను. ‘ఈ ఇంటివాళ్ళు ఎవరికీ ఇవ్వాల్సిన పని లేదు.’

నా గొంతు మామూలుగానే ఉంది. అత్తయ్య బియ్యం ఏరుతున్న చేటలో చెయ్యి ఆపింది. ఈయన కదల్లేదు. మోకాలు మాత్రం దూరంగా తీసుకున్నారు.

మేడమ్ ట్యాబ్ మీద వేలు పైకీ కిందికీ జరిపింది. ‘ఆ జవాబుకి గడి లేదండీ’ అంది మెల్లగా. ‘ఏదో ఒకటి నొక్కితేగానీ ముందుకి పోదు.’

‘ఏది దగ్గరగా ఉంటే అది నొక్కండి.’

‘అవసరం రాలేదు’ నొక్కింది.

వేరే దేశాలతో పోలిస్తే మన దేశం ఎలా ఉందనుకుంటున్నారు అని అడిగింది. ఈ గేటు దాటి చూసిందే తక్కువ, ఏ దేశంతో పోల్చను అన్నాను. ‘తెలియదు’ నొక్కింది.

సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను.

‘మీరు ఇంట్లో కూర్చుని నింపలేదని రాస్తాను. జవాబులు ఎందుకలా వచ్చాయో నిన్ననే అర్థమైంది’ అంది. ‘ఈ వీధిని లెక్కలోంచి తీసేస్తారు.’

‘తీసేస్తే ఏమవుతుంది?’

‘ఏమీ కాదు. ఒక్క వీధి తీసినంత మాత్రాన దేశం స్థానం మారదు.’

‘మరి ఆఫీసు ముందు బోర్డు?’

‘బోర్డు మేం పెట్టింది కాదు కదండీ’ అంది.

మార్చి 21

ఆయన మాట్లాడటం లేదు.

మార్చి 22

మాట్లాడటం లేదు. నేను వడ్డించింది తింటున్నారు. నీళ్ళు మాత్రం తనే ముంచుకుంటున్నారు.

మార్చి 24

ఇవాళ మాట్లాడారు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, చొక్కా వైపే చూస్తూ.

‘ఎవరి కోసం అన్నావు ఆ మాట?’

‘ఎవరి కోసమూ కాదు.’

‘ఎవరి కోసమూ కాకుండా మొగుణ్ణి పరాయి మనిషి ముందు పెట్టి ఎవరూ అనరు. ఆ మిషనావిడ కోసమా?’

ఏమని చెప్పను? ఆమె కోసం కాదు అంటే ఆమె కాగితం ఏమవుతుందో. అవును అంటే నా మాట ఏమవుతుందో.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం తేరుకుంది. బేరం ఏమిటో తెలిసిన మనిషిలా.

‘ఆ మాట ముందే నాతో చెప్తే పోయేది కదే! దీనికోసం ఇంత చెయ్యాలా? నువ్వు అడిగితే కాదంటానా?’

అది కాదండీ అన్నాను. ఆయన అప్పటికే స్నానానికి వెళ్ళిపోయారు.

మార్చి 28

మిషనక్కకి కాగితం వచ్చింది. ఆమె పేరు, తండ్రి పేరు, పొలం హద్దులు, కింద ముద్ర. తెచ్చి చూపించింది. మరిది నాగలి విప్పుకుని పోయాడట.

ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళ చివర్లు సూదిపోట్లతో గరుగ్గా ఉన్నాయి.

‘నీ మాట మీదే అయింది చెల్లీ. మీ ఆయనే అన్నాడు, మా ఆవిడ పట్టుబట్టింది, దండమేదో ఆవిడకి పెట్టుకో అని.’

‘నేను నీ కోసం చెప్పలేదక్కా. నేను అన్నది వేరు.’

‘నువ్వేమన్నావో నాకెందుకు? పనైంది. నువ్వు గట్టిదానివి. రెండేళ్ళు నిన్ను పట్టుకోకుండా ఆఫీసు చుట్టూ తిరిగానే, నా బుద్ధి!’

నేను చెప్పబోయాను. ఆమె సంతోషంలో ఉంది. వీధిలో అందరికీ చెప్పానంది.

మార్చి 30

వడ్రంగి పెళ్ళాం నన్ను చూసి లేచి నిలబడింది. ఇదివరకు ఆయన వెళ్తుంటేనే లేచేది.

ఏప్రిల్ 3

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. వెనక వీధి మనిషి, మేకలు కాసే అతని భార్య. నాతో ఎప్పుడూ మాట్లాడింది లేదు. చేతిలో గుడ్డ సంచీ.

‘అక్కా, మా మామ పోయి మూడేళ్ళయింది. కొండ కింద మడి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మీరు ఒక్క మాట చెప్తే అయిపోద్దంట.’

‘ఎవరు చెప్పారు?’

‘అందరూ అంటున్నారు. ఆయన దగ్గరికి పోవద్దు, ఆవిడ దగ్గరికి పోండి, ఆవిడకి దయ ఎక్కువ అని.’

నేను ఎవరికీ చెప్పనమ్మా, ఆఫీసుకి వెళ్ళు అన్నాను. ‘ఆఫీసుకా?’ అని నవ్వింది, నేను హాస్యమాడినట్టు. ‘అక్కడ లంచం లేదని బోర్డు పెట్టారు కదక్కా, ఇంకెవరూ చేతికి తీసుకోవట్లేదు. ఎక్కడివ్వాలో తెలియక చస్తున్నాం.’

గేటు తియ్యలేదు నేను. సంచీ కమ్మీల సందులోంచి లోపలికి జార్చింది. తీసుకుపో అంటుండగానే వీధి మలుపు తిరిగింది. పరిగెత్తి ఇచ్చేసి రావచ్చు. ఇచ్చేస్తే ఆమె ఏమనుకుంటుంది? చాలదన్నాననుకుంటుంది. రేపు ఇంకొంచెం తెస్తుంది. ఇవ్వకపోతే ఆ మడి సంగతి ఈయనతో ఎత్తాలి. ఎత్తితే ఎల్లుండి ఇంకొకరు వస్తారు.

సంచీలో జున్ను ఉంది. ఎండ నేరుగా పడుతోంది.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. లారీ పెద్దాయన తన వసారాలోంచి చూస్తున్నాడు. నేను చూడగానే తల తిప్పుకుని టైరు ముక్క కోసుకోసాగాడు.

సంచీ పట్టుకుని లోపలికి వస్తుంటే అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది.

‘అది వాడికొచ్చిందా అమ్మాయ్, నీకొచ్చిందా?’

‘నాకే’ అన్నాను.